ఆల్‌గ్రెయిన్ మొదటి బ్యాచ్: ఏ రెసిపీతో మొదలుపెట్టాలి?

ఎక్స్‌ట్రాక్ట్ కిట్‌లతో ఇంట్లో రెండు మూడు బ్యాచ్‌ల బీరు కాచినవాళ్లకి డబ్బాలో వచ్చే మాల్ట్ పాకం మానేసి గింజలతోనే, అంటే ఆల్‌గ్రెయిన్ పద్ధతిలో, చేద్దామనిపించడం మామూలే. సంచి కొంటారు, పెద్ద గిన్నె కొంటారు, థర్మామీటర్ కొంటారు. రెసిపీ దగ్గరకి వచ్చేసరికి ఆగిపోతారు. ఒకరు బ్లాండ్ ఏల్ అంటారు, ఇంకొకరు స్టౌట్ అంటారు, షాపులో కుర్రాడు హేజీ ఐపీఏ కిట్ చేతిలో పెడతాడు. ఎక్కువమంది చివరికి తమకి బాగా నచ్చిన బీరునే ఎంచుకుంటారు. మొదటి బ్యాచ్‌కి అది సరైన కొలత కాదని నా అభిప్రాయం. మీ ఇంట్లో వేడి ఎంత, కుళాయి నీళ్లు ఎలాంటివి, లెక్క కాస్త తప్పినా ఆ రెసిపీ తట్టుకుంటుందా, ముందు చూడాల్సినవి ఇవి.

ఒక్క మాట ముందే. ఇది అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా లాంటి చోట్ల ఉన్న మనవాళ్ల కోసం. అమెరికాలో 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన చట్టంతో ఇంటి బీరుకి ఫెడరల్ అనుమతి వచ్చింది. ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి ఏడాదికి 200 గాలన్లు, ఒక్కరే అయితే 100. అలబామా, మిసిసిపీ మాత్రం 2013 దాకా ఒప్పుకోలేదు. బ్రిటన్‌లో 1963 నుంచే లైసెన్సు అక్కర్లేదు. ఎక్కడైనా సరే, అమ్మడానికి మాత్రం వీల్లేదు. ఇక ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడమే నేరం. సెలవుల్లో ఊరెళ్లి మామయ్యకి చేసి చూపిద్దామన్న ఆలోచన ఉంటే మానుకోండి.

ముందుగా చూడాల్సినవి

గ్రావిటీ (గింజల నుంచి నీళ్లలోకి ఎంత చక్కెర దిగిందో చెప్పే అంకె) తప్పినా బీరు బీరుగానే ఉంటుందా? మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీలో, అంటే మాల్ట్‌లో, ఎంజైములు ఉంటాయి. గింజల్ని 149 నుంచి 156 డిగ్రీల ఫారెన్‌హీట్ నీళ్లలో గంటసేపు ఉంచితే అవి పిండిని చక్కెరగా మారుస్తాయి, దీన్నే మాష్ అంటారు. తక్కువ వేడిలో అయితే బీరు పలచగా, తీపి లేకుండా వస్తుంది. ఎక్కువ వేడిలో అయితే చిక్కగా, కొంచెం తీపిగా వస్తుంది. మొదటిసారి చేసేవాళ్లకి అనుకున్నంత చక్కెర రాదు. మర సరిగ్గా ఆడకపోవచ్చు, కలపడం సరిపోకపోవచ్చు. 1.050 వస్తుందనుకుంటే 1.042 దగ్గర ఆగుతుంది. అందుకే అనుకున్న గ్రావిటీ 1.038 - 1.052 మధ్య ఉండే రెసిపీ తీసుకోవాలి. 1.050 పేల్ ఏల్ 1.042కి పడితే కాస్త తేలికైన పేల్ ఏల్ అవుతుంది, ఎవరూ పట్టించుకోరు. 1.090 ఇంపీరియల్ స్టౌట్ 1.070కి పడితే అది ఇటూ కాదు, అటూ కాదు. పైగా ఆ గింజల ఖరీదు రెట్టింపు.

పులిసేటప్పుడు వేడి. బీరు రుచిని మాష్ కంటే ఎక్కువగా నిర్ణయించేది ఇదే. మొదటిసారి చేసేవాళ్లు దీన్ని అస్సలు లెక్కచేయరు. ఈస్ట్ పని మొదలుపెట్టాక ఫర్మెంటర్ (బీరు పులిసే పాత్ర) లోపల గది కంటే 5 డిగ్రీలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ వేడి ఉంటుంది. ఇంట్లో ఏసీ 76 మీద పెట్టుకుంటే లోపల 80 దాటుతుంది. ఆ వేడికి మామూలు ఏల్ ఈస్ట్ కూడా సారా వాసన పట్టిస్తుంది.

నీళ్లు. లేత రంగు గింజలకి మెత్తని నీళ్లు, నల్లగా వేయించిన గింజలకి గట్టి నీళ్లు నప్పుతాయి. వేయించిన గింజలు పులుపునిచ్చి మాష్ పీహెచ్‌ని దించుతాయి, నీళ్లలోని కార్బొనేట్లు దాన్ని పైకి లాగుతాయి, రెండూ కలిస్తే 5.2 - 5.6 మధ్యకి వచ్చి కుదురుకుంటుంది. సియాటెల్, పోర్ట్‌లండ్ నీళ్లు చాలా మెత్తనివి. లండన్, శాన్ ఆంటోనియో నీళ్లు గట్టివి. మీ కెటిల్ అడుగున తెల్లటి సున్నం పేరుకుంటోందంటే మీవీ గట్టి నీళ్లే. ఏ ఊరైనా కుళాయి నీళ్లలో క్లోరిన్ గానీ క్లోరమిన్ గానీ ఉంటుంది. అది పోగొట్టకపోతే బీరులో ఆసుపత్రి పట్టీల వాసన వస్తుంది. దాన్ని పోగొట్టే క్యాంప్‌డెన్ మాత్ర ఒకటి 20 గాలన్లకి చాలు, కాబట్టి 8 గాలన్లకి సగం మాత్ర నలిపి వేస్తే సరిపోతుంది.

జిగురు. గోధుమ, ఓట్స్, ఫ్లేక్డ్ బార్లీ ఎక్కువగా ఉంటే మాష్ జిగురై వోర్ట్ (గింజల నుంచి వచ్చే తీపి నీళ్లు) కిందకి దిగదు. గింజల్ని సంచిలో వేసి గిన్నెలో నానబెట్టే సంచి పద్ధతిలో ఇది పెద్ద సమస్య కాదు, పైకెత్తి పిండేస్తారు. ఐస్ పెట్టె లాంటి కూలర్‌కి పంపు బిగించి అందులో మాష్ చేసేవాళ్లకి మాత్రం ఆ రోజంతా గోలే.

ఇవి కాక ఎవరు తాగుతారన్నది కూడా ఉంది. ఐదు గాలన్లంటే దాదాపు 48 సీసాలు, ఒక్కరే తాగలేరు.

అయిదు రెసిపీలు, ఒకే చూపులో

| రెసిపీ | అనుకున్న గ్రావిటీ | నప్పే నీళ్లు | పులిసే వేడి (ఫారెన్‌హీట్) | సీసా తెరిచే దాకా | చిన్న లోపాలు దాస్తుందా? |
|---|---|---|---|---|---|
| ఒకే మాల్ట్, ఒకే హాప్ పేల్ | 1.048 - 1.052 | మెత్తని, మధ్యరకం | 64 - 68 | 4 వారాలు | కొంచెం |
| అమెరికన్ పేల్ ఏల్ | 1.048 - 1.052 | మెత్తని, మధ్యరకం | 64 - 68 | 4 వారాలు | బాగానే |
| బ్లాండ్ ఏల్ | 1.042 - 1.046 | మెత్తని | 62 - 66 | 5 వారాలు | అస్సలు దాచదు |
| జర్మన్ గోధుమ బీరు | 1.046 - 1.050 | మధ్యరకం | 63 - 68 | 3 - 4 వారాలు | రంగు, మసక పరంగా దాస్తుంది |
| డ్రై స్టౌట్ | 1.038 - 1.042 | గట్టి | 64 - 68 | 4 - 5 వారాలు | చాలావరకు |

సీసాల్లో గ్యాస్ పట్టడానికి కావలసిన రెండు వారాలు కూడా ఇందులో కలిపాను. హాప్ అంటే బీరుకి చేదు, సువాసన ఇచ్చే పువ్వు.

అమెరికన్ పేల్ ఏల్: ఎక్కువమందికి నా ఓటు

ఒరెగాన్‌లో పెంచిన కాస్కేడ్ హాప్‌ని 1972లో విడుదల చేశారు. దాన్ని ధారాళంగా వాడిన సియెర్రా నెవాడా పేల్ ఏల్ 1980లో వచ్చింది. అప్పటినుంచి ఇంట్లో కాచేవాళ్లందరికీ ఈ రకం కొట్టిన పిండి. గింజలు ఎక్కడైనా దొరుకుతాయి, ఈస్ట్ చవక, హాప్స్ ఘాటు చిన్న లోపాల్ని కప్పేస్తుంది.

ఐదు గాలన్లకి నేను ఇచ్చే లెక్క ఇది: 9.5 పౌండ్ల అమెరికన్ టూరో మాల్ట్, అర పౌండ్ క్రిస్టల్ 40 (రంగు, తీపి ఇచ్చే మాల్ట్). మాష్ 152 డిగ్రీల దగ్గర గంటసేపు. గంటసేపు కాచాలి. మరగడం మొదలవగానే అర ఔన్సు మాగ్నమ్ (చేదు కోసం వేసే హాప్), చివరి 10 నిమిషాల్లో ఒక ఔన్సు కాస్కేడ్, మంట ఆపాక ఇంకో ఔన్సు కాస్కేడ్. ఈస్ట్ ఒక ప్యాకెట్ సాఫేల్ యూఎస్-05.

దీన్ని సంచి పద్ధతిలో చేస్తుంటే దాదాపు ఏడున్నర గాలన్ల నీళ్లతో మొదలుపెట్టండి. గింజలు కొంత పీల్చుకుంటాయి, గంట మరుగులో గాలన్ పైనే ఆవిరవుతుంది. నీళ్లు 158కి వచ్చాక గింజలు పోస్తే 152 దగ్గర నిలుస్తుంది. కూలర్‌లో నీళ్లు తక్కువ కాబట్టి 165 దాకా వేడిచేయాలి. గింజల్ని ఒక్కసారిగా గుమ్మరించకండి. ఉప్మాకి రవ్వ పోసినట్టు ఒక చేత్తో పోస్తూ ఇంకో చేత్తో తిప్పుతూ ఉండాలి. లేకపోతే ఉండలు కడతాయి, ఉండ లోపలి పిండి గంటయినా తడవదు. గ్రావిటీ పడిపోవడానికి మర తర్వాతి కారణం ఈ ఉండలే. అయిదు నిమిషాలు తిప్పాక నాలుగు చోట్ల థర్మామీటర్ ముంచి చూడండి. అంచున 148, మధ్యలో 155 చూపిస్తే ఇంకా కలవలేదన్నమాట. ఇరవై నిమిషాలకి ఒక చెంచా తీసి నాలుక మీద వేసుకోండి. మొదట గంజి నీళ్లలా చప్పగా ఉన్నది అప్పటికి తీపెక్కి ఉంటుంది.

దీనికున్న లోటల్లా హాప్స్ సువాసన త్వరగా తగ్గిపోవడమే. రెండు నెలలు దాచుకునే బీరు కాదు.

ఒకే మాల్ట్, ఒకే హాప్

నేర్చుకోవడానికైతే ఇంతకన్నా మంచిది లేదు. 10 పౌండ్ల మారిస్ ఆటర్ మాల్ట్, మూడు ఔన్సుల కాస్కేడ్: ఒకటి మొదట, ఒకటి చివరి 15 నిమిషాల్లో, ఒకటి మంట ఆపాక. తాగినప్పుడు బిస్కెట్ రుచి ఏదో, ద్రాక్షపండు తొక్క వాసన ఏదో విడివిడిగా తెలుస్తుంది. తర్వాతి బ్యాచ్‌లో హాప్ ఒక్కటే మార్చి చూడొచ్చు.

అయితే పాఠంగా ఎంత బాగున్నా, తాగే బీరుగా కొంచెం ఒంటరి రుచి. నలుగురికీ పోయాలంటే పైన చెప్పిన పేల్ ఏలే మేలు. రుచి చూసి నోట్సు రాసుకునే తరహా మనుషులకి ఇది.

బ్లాండ్ ఏల్: తేలికగా కనిపిస్తుంది, తేలిక కాదు

ఎక్కడ చూసినా మొదటి రెసిపీగా దీన్నే చెబుతారు. గింజలు తక్కువ, హాప్స్ తక్కువ, ఖర్చు తక్కువ, అదంతా నిజమే. వారాంతం పార్టీలకి వచ్చే మనవాళ్లలో కింగ్‌ఫిషర్ లాంటి లాగర్‌కి అలవాటుపడ్డ నాలుకలే ఎక్కువ. పేల్ ఏల్ ఇస్తే ‘చేదుగా ఉందేంట్రా’ అంటారు, బ్లాండ్ అయితే మారుమాట్లాడకుండా రెండోది అడుగుతారు.

చిక్కల్లా దాంట్లో దాగడానికి చోటు లేకపోవడం. పులిసేటప్పుడు నాలుగు డిగ్రీలు ఎక్కువైనా, నీళ్లలో క్లోరిన్ మిగిలినా, గట్టి నీళ్ల వల్ల గింజ తొక్కల వగరు దిగినా నేరుగా నాలుకకి తగులుతుంది. గట్టి నీళ్లున్న ఊళ్లో దీన్ని చేయాలంటే సగం కుళాయి నీళ్లు, సగం ఆర్వో నీళ్లు కలపండి. పూర్తిగా ఆర్వో నీళ్లే అయితే జిప్సం, కాల్షియం క్లోరైడ్ చెరో చిన్న చెంచాడు వేయాలి, లేకపోతే మాష్‌కి, ఈస్ట్‌కి కావలసిన కాల్షియం ఉండదు. పిల్స్‌నర్ మాల్ట్‌తో చేస్తే మూత తీసి 90 నిమిషాలు కాచడం మంచిది. ఆ మాల్ట్ నుంచి ఉడికించిన మొక్కజొన్న వాసన వస్తుంది, ఆవిరితో పాటు పోవాలి. మొదటిసారి టూరో మాల్ట్‌తో చేస్తే ఈ బాధ లేదు.

ఫర్మెంటర్‌ని 64 డిగ్రీల దగ్గర ఉంచే వీలున్నవాళ్లు నిశ్చింతగా చేసుకోండి. వీలు లేనివాళ్లు రెండో బ్యాచ్‌కి ఉంచుకోండి.

జర్మన్ గోధుమ బీరు

దీనికి జర్మనీలో సగానికి తగ్గకుండా గోధుమ మాల్ట్ ఉండాలన్న నిబంధన ఉంది. 5 పౌండ్ల గోధుమ మాల్ట్, నాలుగున్నర పౌండ్ల పిల్స్‌నర్ మాల్ట్, ఒకే ఒక్క ఔన్సు హాలర్‌టావ్ హాప్. ఇందులో హాప్స్‌కి పెద్దగా పని లేదు, రుచంతా ఈస్ట్‌దే. చల్లగా పులిస్తే లవంగం, వెచ్చగా పులిస్తే అరటిపండు. వేసవిలో తాజాగా తాగితే అమోఘం. మసకగా ఉండడమే దాని అందం కాబట్టి తేటపడలేదన్న దిగులు అక్కర్లేదు.

గోధుమ గింజకి పొట్టు ఉండదు. కూలర్ పద్ధతిలో బార్లీ పొట్టే జల్లెడగా పనిచేస్తుంది. అది సగానికి పడిపోతే అడుగున బంకలా పట్టి పంపు మూసుకుపోతుంది. విరుగుడు అర పౌండ్ వరి ఊక. మన ఊళ్లలో ఇటుక బట్టీకి పోసే ఊకనే ఇక్కడ కడిగి, ప్యాకెట్ కట్టి, పౌండ్ల లెక్కన అమ్ముతారు. మొదటిసారి కొన్నప్పుడు నవ్వొస్తుంది, పంపు ధారాళంగా దిగుతుంటే ఆ డబ్బు గుర్తురాదు. సంచి వాడేవాళ్లకి ఊక కూడా అక్కర్లేదు.

అరటిపండు వాసన అందరికీ నచ్చదన్నది మర్చిపోకండి. ముందు షాపులో ఒక సీసా కొని ఇంట్లోవాళ్లకి రుచి చూపించండి. 48 సీసాలు నింపాక తెలుసుకోవాల్సిన సంగతి కాదు.

డ్రై స్టౌట్: గట్టి నీళ్ల ఊరివాళ్లకి

పేల్ మాల్ట్ 70 శాతం, ఫ్లేక్డ్ బార్లీ 20, వేయించిన బార్లీ 10. హాప్స్ ఒక్కసారే, మరుగు మొదట్లో. నల్లగా కాఫీ రంగులో ఉంటుంది గానీ ఆల్కహాల్ 4 శాతం దగ్గరే. నల్లటి బీరంటే మత్తు ఎక్కువని మనవాళ్లలో ఒక అపోహ ఉంది, రంగుకీ మత్తుకీ సంబంధం లేదు. డబ్లిన్ నీళ్లలో కార్బొనేట్లు ఎక్కువ, అక్కడ స్టౌట్ నిలదొక్కుకోవడానికి ఆ నీళ్లూ ఒక కారణం. మీ కుళాయి నీళ్లు అలాంటివే అయితే క్లోరిన్ తీసేసి నేరుగా వాడుకోవచ్చు, వేరే ఉప్పులేవీ అక్కర్లేదు. ఫిల్టర్ కాఫీ తాగే నోటికి ఆ చేదు కొత్తగా ఉండదు. మెత్తని నీళ్ల ఊళ్లో చేస్తే మాత్రం పులుపు, మాడిన రుచి కొంచెం ముందుకొస్తాయి. అక్కడ వేయించిన బార్లీని మాష్ చివరి పదిహేను నిమిషాల్లో కలపండి.

మీ పరిస్థితిని బట్టి

డాలస్, ఫీనిక్స్ లాంటి చోట వేసవిలో, ఫర్మెంటర్‌కి వేరే ఫ్రిజ్ లేకుండా మొదలుపెడుతున్నారా? రెసిపీ కంటే ముందు ఈస్ట్ మార్చండి. పశ్చిమ నార్వే పల్లెల నుంచి వచ్చిన క్వైక్ ఈస్ట్‌లలో వాస్ రకం 95 - 104 డిగ్రీల దగ్గర కూడా శుభ్రంగా పనిచేస్తుంది, కొంచెం నారింజ వాసన ఇస్తుంది. పైన చెప్పిన పేల్ ఏల్‌లో యూఎస్-05 బదులు అది వేస్తే చాలు. క్వైక్ దొరక్కపోతే ఫర్మెంటర్‌ని నీళ్ల టబ్బులో దించి, తడి టీషర్టు తొడిగి, పొద్దునా సాయంత్రం గడ్డకట్టిన నీళ్ల సీసాలు వేయండి. పాతకాలపు ఉపాయమే గానీ బాగా పనిచేస్తుంది.

అపార్ట్‌మెంట్‌లో కరెంటు పొయ్యి మీద చేసేవాళ్లు ఏడున్నర గాలన్ల జోలికి వెళ్లకండి, అది మరగడానికి సాయంత్రమవుతుంది. పేల్ ఏల్ లేదా స్టౌట్ ఏదైనా సగం కొలతకి తగ్గించి, 5 గాలన్ల గిన్నెలో చేసుకోండి. సంచిలో ఐదు పౌండ్ల తడి గింజలు ఒక్కరే ఎత్తగలరు. పది పౌండ్లవైతే ఇంకో మనిషి కావాలి, లేదా పైన కొక్కెం ఉండాలి.

అతిథుల కోసమైతే బ్లాండ్, వేడి అదుపు ఉంటేనే. లేకపోతే పేల్ ఏల్‌లో చివరి ఔన్సు హాప్స్ మానేయండి.

లాగర్, హేజీ ఐపీఏ, ఇంపీరియల్ ఏదైనా, మామిడిపండు వేసే బీర్లు మొదటి బ్యాచ్‌కి వద్దు. లాగర్‌కి 50ల్లో వేడి వారాల తరబడి నిలవాలి, ఫ్రిజ్ లేకుండా కుదరదు. హేజీ ఐపీఏ ఇంకా మోసం: కాచడం తేలికే, సీసాల్లో నింపేటప్పుడు కాస్త గాలి తగిలితే రెండు వారాల్లో బంగారు రంగు పోయి బురద రంగు వస్తుంది, ఖరీదైన హాప్స్ వాసన కూడా దాంతోపాటే పోతుంది.

కొనేటప్పుడు

గింజలు షాపులోనే మర ఆడించుకోండి. సంచి పద్ధతి అయితే రెండుసార్లు ఆడమని చెప్పండి. పిండి ఎక్కువైనా సంచి ఆపుతుంది, చక్కెర ఎక్కువ దిగుతుంది. కూలర్ అయితే ఒక్కసారే, లేకపోతే పొట్టు నలిగి జల్లెడ పాడవుతుంది. వాటితోపాటే ఒక పౌండ్ పొడి మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ కొని పక్కన పెట్టుకోండి. ఐదు గాలన్లలో అర పౌండ్ వేస్తే గ్రావిటీ 4 పాయింట్లు, అంటే 0.004, పెరుగుతుంది. మరుగు చివర్లో హైడ్రోమీటర్ (గ్రావిటీ కొలిచే పరికరం) తక్కువ చూపిస్తే అదే వేసేయండి, అలా వేసినంత మాత్రాన ఆల్‌గ్రెయిన్ కాకుండా పోదు. హైడ్రోమీటర్ పెట్టేముందు వోర్ట్‌ని చల్లార్చండి, వేడి మీద చూస్తే అసలు కంటే తక్కువ చూపిస్తుంది.

సీసాల్లో నింపేటప్పుడు ఐదు గాలన్లకి 4 ఔన్సుల మొక్కజొన్న చక్కెర చాలు, గోధుమ బీరుకి 5 దాకా వేయొచ్చు. సగం బ్యాచ్ చేస్తే చక్కెర సగం, ఈస్ట్ మాత్రం ప్యాకెట్ మొత్తం వేసేయండి. ఇంట్లో కుక్క ఉంటే మిగిలిన హాప్స్ మడ్డిని పెరట్లో పారబోయకుండా మూతున్న చెత్తబుట్టలోనే వేయండి, అది కుక్కలకి ప్రాణాంతకం.